అక్క అడిగిన ఊరు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సైన్స్ చెప్పుకొని బతికే మనిషిని. మా స్టాఫ్ రూములో ఎవరైనా గాలి సోకిందనో దిష్టి తగిలిందనో మొదలుపెడితే, చాక్‌పీసు విసిరినంత పని చేస్తాను. ఇప్పుడు ఇది రాయడం కూడా ఎవరినో భయపెట్టడానికి కాదు. చూసింది చూసినట్టు చెబుతాను. అయితే ఒక మాట ముందే చెప్పేస్తే మంచిది. మా బావంటే నాకు పడదు. పడుతుందని నటిస్తూ రాయడం నా వల్ల కాదు.

మా అక్క పేరు సులోచన. శామీర్‌పేటలో భూములున్న ఇంటికి కోడలిగా వెళ్ళింది. బావ వ్యవసాయం మానేసి ప్లాట్ల వ్యాపారంలో దిగాక, బౌరంపేటలో గేటు కాపలా ఉన్న కాలనీలో విల్లా కొన్నాడు. ఆయనకు నిశ్శబ్దమంటే ప్రాణం. ఆ కాలనీలో హారన్ కొట్టకూడదు, మైకు పెట్టకూడదు, పిల్లలు రోడ్డు మీద ఆడకూడదు. అక్కకు మాత్రం ఆ ఇల్లు జైలే. ఆదివారం వస్తే చాలు, మా ఇంటికొచ్చి బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద ట్రాఫిక్ చూస్తూ కూర్చునేది. నాకు తలనొప్పి తెప్పించే ఆ రొద ఆమెకు పండగ.

కొంపల్లిలో ఉండే ఒక వైజాగ్ కుటుంబంతో అక్కకు స్నేహం కుదిరింది. వాళ్ళ మాటలు విని విని ఆ ఊరి మీద మనసు పారేసుకుంది.

“గాడ ఓడలు బజార్ల నుంచే పోయినట్టు పోతయంట పద్మా. కొండ పక్కపొంటి లోపలికొస్తయంట. గంత మందిల నిలవడి ఒక్కపారి చూడాలె,” అనేది.

ప్రతి వేసవిలో వాళ్ళింట్లో అదే గొడవ. అక్క వైజాగ్ అనేది. బావ మాత్రం నరమానవుడు కనిపించని బీచ్ రిసార్టు కావాలనేవాడు. “గా లొల్లిల ఏమున్నది? ఈడున్న లొల్లి సాలదా నాకు,” అనేవాడు. చివరికి ఎప్పుడూ రిసార్టే. అక్క అక్కడ గదిలో టీవీ చూసి తిరిగొచ్చేది.

ఆమె ఆ విల్లాలోనే పోయింది. పట్టపగలు బాత్రూములో పడిపోయింది. బావ సైటు దగ్గరున్నాడు, కొడుకు కిరణ్ ఆఫీసులో ఉన్నాడు. ఎంతసేపు పిలిచిందో, ఎవరిని పిలిచిందో తెలియదు. పక్క ఇళ్ళ కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. మా అపార్టుమెంటులో గట్టిగా దగ్గితే కింది ఇంటివాళ్ళు మందు వేసుకున్నావా అని అడుగుతారు. అది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా వైపు పిట్టకు పెట్టడం అనే ఆచారం ఉంది. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరాకులో పెట్టి, అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి పైకి మాట ఇస్తారు.

శామీర్‌పేట పొలంలో పెట్టారు. కాకులు బోరు షెడ్డు మీద కూర్చున్నాయి తప్ప దిగలేదు. కిరణ్ పెళ్ళి ఘనంగా చేస్తామన్నారు. నగలు వచ్చే కోడలికే ఇస్తామన్నారు. ఒక్క కాకీ కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది, చుట్టాలు గొణుగుతున్నారు.

“బావా, వైజాగ్ తీస్కపోతనని చెప్పు,” అన్నాను నేను.

బావ విసుగ్గా చేతులు జోడించాడు. “సరే, నిన్ను వైజాగ్ తీస్కపోత. నీ అస్థికలు గాణ్ణే కలుపుత. ఇగ తిను.”

మాట ముగిసీ ముగియకముందే ఒక కాకి దిగి అన్నం ముట్టింది. వాటికి ఆకలి ఆగలేదేమో అనుకున్నాను. ఆ రోజుకు నా తెలివి అంతవరకే పనిచేసింది.

కర్మలన్నీ అయ్యాక బావ, కిరణ్ అస్థికలు తీసుకుని కారులో బయలుదేరారు. నాకు స్కూల్లో పరీక్షలు. వైజాగ్ వెళ్ళారనే అనుకున్నాను. మర్నాడు కిరణ్ ఫోన్ చేసి నసిగాడు. వాళ్ళు వెళ్ళింది బావకు అలవాటైన ఆ రిసార్టుకే. వెంటనే బావకు ఫోన్ ఇమ్మన్నాను.

“సముద్రం ఒక్కటే గదా పద్మా. గాడైతే మస్తు మంది, బండి వెట్ట జాగ దొరకది. గీడ నిమ్మళంగ కలిపినం,” అన్నాడు.

“నీ మాట నమ్మి అన్నం ముట్టింది గదా బావా అది! నీ నోట్ల మన్నువడ!” అని అరిచి ఫోన్ పెట్టేశాను. బతికుండగా చేసింది చాలక, చచ్చాక కూడా మా అక్కను ఆ నిశ్శబ్దంలోకే తోశాడు.

తర్వాత సంగతి కిరణ్ చెప్పాడు. అస్థికలు కలిపి వచ్చి రిసార్టులో భోజనానికి కూర్చుంటే, బావ మొదటి ముద్ద ఉమ్మేశాడట. ఉప్పు కషాయంలా ఉందని వంటవాణ్ణి పిలిచి కేకలేశాడట. కిరణ్ తిన్నది మాత్రం మామూలుగానే ఉంది. ఇంటికొచ్చాకా అదే వరస. వండినది ఏదైనా సరే, బావ కంచంలో పడితే నోట పెట్టలేనంత ఉప్పు. వంటమనిషిని మార్చాడు. కొంపల్లి హోటళ్ళన్నీ తిరిగాడు. డాక్టర్లు నాలుక చూశారు, రక్తం చూశారు, అంతా బాగుందన్నారు. అరటిపళ్ళు, మజ్జిగతో నెట్టుకొస్తున్నాడు. చొక్కాలు వదులై వేలాడుతున్నాయి.

ఒక ఆదివారం కిరణ్ బతిమాలితే బౌరంపేట వెళ్ళాను. బావ నన్ను చూసి, “నువ్వే ఏదో చేయించినవ్,” అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నేనే అన్నం వండాను. అన్నంలో మేము ఉప్పు వెయ్యం. ఒకే గిన్నెలోంచి మొదట నాకు వడ్డించుకుని, తర్వాత ఆయనకు వడ్డించాను. నా కంచంలోది చప్పగా ఉంది. ఆయన కంచంలోంచి నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకున్నాను. సముద్రంలో మునిగితే నోట్లోకి పోయే నీళ్ళ రుచి. గొంతు మండి వాంతి వచ్చినంత పనైంది.

అప్పటికీ నాలోని టీచరు ఒప్పుకోలేదు. రెండు కంచాల్లోని అన్నం విడివిడి డబ్బాల్లో పట్టుకెళ్ళి, మర్నాడు స్కూలు ల్యాబులో డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి వడగట్టి, సిల్వర్ నైట్రేట్ వేశాను. ఉప్పుంటే తెల్లగా విరుగుతుంది, పదో తరగతి పిల్లలకు నేను చేసి చూపించే ప్రయోగమే. నా అన్నం నీళ్ళు కొద్దిగా మసకబారాయి, అంతే. బావ అన్నం నీళ్ళు గాజుగొట్టంలో పాలు విరిగినట్టు విరిగాయి. భయమేసింది నిజమే. దాని అడుగున సంతోషం కూడా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

“బాపు ఇట్లయితే బతకడు చిన్నమ్మా. వైజాగ్ పోదాం,” అన్నాడు కిరణ్. బావ ససేమిరా అన్నాడు. సచ్చినదానికి నేను భయపడుడేంది అన్నాడు. మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడ్డాక దారికొచ్చాడు.

ముగ్గురం రైల్లో వెళ్ళాం. హార్బరు దగ్గర పాత ఊళ్ళో, ఆటోల హారన్లు, చేపల బుట్టల అరుపుల మధ్య ఒక చిన్న మెస్సులో కూర్చున్నాం. బావ ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. పప్పు అడిగి వేయించుకున్నాడు, చారు వేయించుకున్నాడు, కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. నేనూ ఆయన విస్తరిలోంచి ఒక ముద్ద తీసుకుని చూశాను. మామూలు అన్నమే. ఆ తర్వాత ఓడలు లోపలికి వచ్చే దారి చూశాం. కొండ పక్కనుంచి ఒక పెద్ద ఓడ నిజంగానే బజారులోంచి పోతున్నట్టు పోయింది. అది అక్క చూడాల్సిన ఓడ. బావ మీద కోపం ఇంకా పెరిగింది.

“అయిపాయె. ఇగ మీ అక్క శాంతించింది,” అన్నాడు ఆయన, పళ్ళు కుట్టుకుంటూ.

శాంతించలేదు. బౌరంపేటలో తిన్న మొదటి ముద్దే మళ్ళీ ఉప్పు. అప్పుడు బావ తెలివి ఉపయోగించాడు. వైజాగ్ నుంచి కొంచెం దూరంలో, జనం లేని చోట, సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో గది తీసుకున్నాడు. అక్కడ పొద్దున ఇడ్లీ ఉప్పు, మధ్యాహ్నం అన్నం ఉప్పు. ఆటో ఎక్కి హార్బరు వీధికి వస్తే అదే మనిషి, అదే నోరు, కడుపునిండా తిన్నాడు. ఇదంతా పక్కనుండి చూసింది కిరణ్. వాడు అబద్ధమాడే పిల్లవాడు కాడు.

ఇప్పుడు బావ అక్కడే ఉంటున్నాడు. బజారు మీద ఒక పాత డాబాలో అద్దెకు. కింద టీకొట్టు, ఎదురుగా లారీల షెడ్డు, పక్కన మసీదు, గుడి, రెండు మైకులు. నిద్ర పట్టదట. చెవుల్లో దూది పెట్టుకుంటాడట. తిండి మాత్రం బాగా పడుతోంది, ఒళ్ళు చేశాడు. బౌరంపేట విల్లాకు తాళం వేసి ఉంది.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసిన డాక్టరును అడిగాను, కెమిస్ట్రీ లెక్చరరును అడిగాను. మనసులోని భయమని ఒకరన్నారు. మనసులోని భయం గాజుగొట్టంలో తెల్లగా విరగదు కదా అంటే ఆయన మాట మార్చాడు.

బావ వారానికోసారి ఫోన్ చేస్తాడు. వెనక హారన్ల మోతలో ఆయన గొంతు సరిగా వినపడదు. ఎప్పుడూ ఒకటే అడుగుతాడు.

“పద్మా, నీ మాటయితే వింటది. మీ అక్కను జర అడుగు. ఇగ ఇంటికి రావొచ్చునా అని.”

“అడుగుత బావా,” అంటాను.

అక్క ఫోటో మా హాల్లోనే ఉంది. రోజూ పూలు పెడతాను, స్కూలు సంగతులు చెబుతాను, కిరణ్ సంబంధాల గురించి చెబుతాను. అది మాత్రం ఇంతవరకూ అడగలేదు.