లింగమయ్య లోయకు పర్మిషన్

నల్లమలలో ఒక లోయ అడుగున, నీళ్లు దూకే చోట లింగమయ్య ఉంటాడు. చైత్ర పున్నమికి అక్కడ జాతర. నేనూ, అచ్చంపేటలో బట్టలు కుట్టే నా దోస్తూ ఏటా జాతరకు వారం ముందే, జనం రాకముందే నడిచి వెళ్లేవాళ్లం. తెలంగాణ వచ్చిన కొత్తలో కూడా పోయాం. దోస్తు సాయెబు, మొక్కు కోసం కాదు, నీళ్ల చప్పుడు కోసం వచ్చేవాడు. నేనూ నిజానికి అందుకే. దిగేటప్పుడు మలుపు మలుపుకీ "వస్తున్నం లింగమయ్యా" అని కేకేయాలి, ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అనాలి. ఆ అడవి చెంచులు మాకు నేర్పిన మర్యాద అది.

ఈ ఏడు దోస్తు మోకాళ్లు ఒత్తుకుంటూ, "అన్నా, వచ్చే ఏడు నాతోని గాదు. జనం లేనప్పుడు ఒక్కసారి ఆ నీళ్లు ఇనాలె" అన్నాడు. వారం ముందే బయల్దేరాం. అడవి మొదట్లోనే, మునుపు లేని గేటు.

"పర్మిషన్ ఉందా తాతా?" అన్నాడు గార్డు.

"నువ్వు పుట్టకముందు నడిచిన బాట. నాకెందుకు పర్మిషన్?"

"పులులున్నయి. జాతర మూడు దినాలే లోపలికి ఇడుస్తం."

"అంతమంది లొల్లి వెడితే బెదరని పులి, గీ ఇద్దరు ముసలోళ్లకు బెదురుతదా?"

గార్డు నవ్వాడు గానీ గేటు తీయలేదు. బడికి పోకుండా గోడల మీది రాతలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ని నేను. అక్కడి బోర్డును రెండుసార్లు చదివాను. నిశ్శబ్దం పాటించాలట. పాటించేవాళ్లను వెనక్కి పంపి, మైకులు పట్టుకొచ్చేవాళ్లకు తలుపు తీస్తారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

చివరికి జాతర ఆఖరి రోజు మధ్యాహ్నం పోయాం, జనం తిరుగుముఖం పడతారని. బాట ఇరుకు. ఎక్కేవాళ్లంతా "పోతున్నం" అంటుంటే మేమిద్దరమే "వస్తున్నం" అంటూ, బండకు ఆనుకుని దారి ఇస్తూ దిగాం.

"గిప్పుడా వచ్చేది? లింగమయ్య బువ్వ దిని పండుకున్నడు తాతా!" అని ఒకామె ఎగతాళి చేసింది. అడుగడుగునా ఖాళీ నీళ్ల ప్యాకెట్లు. అవి చూశాక గేటు మీద కోపం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి.

సగం దిగేసరికి దోస్తు కూలబడ్డాడు. మోకాలు వంగడం లేదు. పొద్దు గూకేలోపు గేటు దాటాలని గార్డు ముందే చెప్పాడు.

"నువ్వు పోయి రా" అన్నాడు.

నేను పోలేదు. పక్కనే కూర్చున్నాను. ఆఖరి గుంపు మమ్మల్ని దాటి పైకి పోయింది. వాళ్ల కేకలు మలుపు అవతలికి వెళ్లిపోయాక, కింది నుంచి సన్నగా నీళ్ల చప్పుడు.

"ఇన్నవా?"

"జర ఆగు" అన్నాడు, తల పక్కకు వంచి.

ఎండ బండల మీది నుంచి పోయేదాకా కూర్చున్నాం. లేచి, అలవాటుగా "పోతున్నం" అనబోయాను. దోస్తు నా చేయి పట్టి ఆపాడు.

"ఆడిదాక పోనేలేదు. పోతున్నమని ఎట్లంటవ్ అన్నా?"

లోయ వైపు తిరిగి, గుండె నిండా ఊపిరి తీసుకుని, "వస్తున్నం లింగమయ్యా!" అని కేకేశాడు. తర్వాత నా భుజం పట్టుకుని పైకి ఎక్కసాగాడు.