చిన్నమ్మ పాపిట

మొన్న డాక్టరు నాకు జుట్టు రాలకుండా ఒక మాత్ర రాసింది. మగవాళ్ల హార్మోను ఆడవాళ్ల ఒంట్లోనూ కొంచెం ఉంటుందని, అది కుదుళ్లను దెబ్బతీయకుండా ఈ మందు అడ్డుకుంటుందని చెప్పింది. ఆ హార్మోను సంగతి నేను పందొమ్మిదివందల అరవైలలోనే, లంగాజాకెట్టు వేసుకునే వయసులో విన్నాను. అప్పటికి ఈ మందు లేదు.

మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. పెళ్లయిన కొన్నేళ్లకే ఆమె పాపిట వెడల్పవుతూ వచ్చింది. మందారాకు, గుంటగలగర రసం, ఉల్లిగడ్డ, ఎవరు ఏది చెబితే అది రాసింది. దిష్టి కూడా తీయించుకుంది. చివరికి నన్ను తోడు తీసుకుని కరీంనగర్ మిషన్ దవాఖానకు బస్సెక్కింది.

లేడీ డాక్టరు తల కన్నా ముందు చిన్నమ్మ గడ్డం పరీక్షగా చూసింది. నెలనెలా సరిగా అవుతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని అడిగింది.

"మా బాపుకు బట్టతల. ఆడోళ్లకెవ్వలకు లేదమ్మా. గడ్డమెందుకు చూస్తున్నరు?"

డాక్టరు ఓపికగా హార్మోను గురించి చెప్పింది. చిన్నమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే నాల జర మొగోడున్నడా?"

"నాలో కూడా ఉన్నాడు," అని డాక్టరు నవ్వింది.

"మరి ఆన్ని ఆపే గోలీ ఇయ్యరాదుండ్రి."

"అట్లాంటిది ఇంకా రాలేదమ్మా. నూనెలతో మాత్రం ఇది తగ్గదు."

తిరుగుబస్సులో ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం ముందు సీట్లలోని ఆడవాళ్ల నడినెత్తులు చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరగానే తన తల్లి, మా అమ్మమ్మ ఎదుట నిలబడింది. అమ్మమ్మ నిద్రలో కూడా తల మీది కొంగు తీసేది కాదు. అది మర్యాద కోసమే అనుకునేదాన్ని.

"అవ్వా, జర కొంగు తియ్యి."

"ఎందుకే?"

"తియ్యరాదు, చూస్త."

అమ్మమ్మ కొంతసేపు కొంగు గట్టిగా పట్టుకుని, ఆఖరికి వదిలేసింది. నడినెత్తి నున్నగా ఉంది.

"నీకు చెప్తే ఫికర్ పడుతవని చెప్పలే బిడ్డా. మా అవ్వకు గూడ గిట్లనే ఉండె."

"గిన్నేండ్లు దాస్తివా? నేను ఊరోళ్లు చెప్పినయన్ని రాసుకుంట తిరిగితి!"

చిన్నమ్మ కోపంగానే అంది కానీ, ఆమె చెయ్యి తల్లి తల మీదికి పోయింది. అట్లాగే నిమురుతూ నిలబడింది. అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది.

చిన్నమ్మకు జుట్టు మళ్లీ రాలేదు. ఉన్నదాన్ని కురచగా కత్తిరించి చిన్న ముడి వేసుకుంది. ఎవరైనా అయ్యో అంటే, వాళ్లను కూర్చోబెట్టి డాక్టరు చెప్పిందంతా మొదటినుంచి వివరించేది. ఒకరిద్దరు ఆమెను వెంటబెట్టుకుని కరీంనగర్ పోయారు కూడా.