కాకి ముట్టని జాజ్ శెట్టి

హిందూపురంలో చింతపండు వ్యాపారం చేసి చెడినవాళ్లున్నారు, బాగుపడినవాళ్లున్నారు. చింతపండు మండీలో కూర్చుని జాజ్ సంగీతం విన్న మహానుభావుడు మాత్రం నంజుండశెట్టి ఒక్కడే. ఊళ్లో ఆయనను జాజ్ శెట్టి అనేవాళ్లు. అది తనకిచ్చిన బిరుదని ఆయన చివరిదాకా నమ్మాడు. ఆయన నమ్మిన సంగతులు అలాంటివే ఇంకా చాలా ఉన్నాయి. బెంగళూరు క్రికెట్ జట్టు కప్పు గెలుస్తుందన్నది అందులో ఒకటి.

ఆ శెట్టి పోయినేడు మాఘమాసంలో, మధ్యాహ్నం పూట, పక్కన రికార్డు తిరుగుతూ ఉండగానే వాలుకుర్చీలో కన్నుమూశాడు. దినాల రోజున ఇంటి మిద్దె మీద విస్తరి వేసి, పిండం పెట్టి, దాని చుట్టూ ఆయనకిష్టమైనవన్నీ వడ్డించారు. ఓళిగలు, వడలు, చిత్రాన్నం, గుత్తివంకాయ. అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి కాకి కోసం చూశారు. నీళ్ల ట్యాంకు మీద కాకులు బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. ఆ కోరికేదో ఇంటివాళ్లు కనుక్కుని, తీరుస్తామని విస్తరి ముందు మాటివ్వాలి. మాట నచ్చితే కాకి దిగుతుంది. అది ముట్టేదాకా కింద షామియానాలో బంధువులకు ఆకులు వేయరు. శెట్టి పోయాడని కబురు తెలిసినప్పుడు తాపీగా బయల్దేరిన బంధువులు కూడా ఈ రోజు పొద్దున్నే దిగారు. వంకాయ కూర వాసన మిద్దె దాకా వస్తోంది. వాళ్ల దుఃఖం నిమిషనిమిషానికీ పెరుగుతోంది.

శెట్టి భార్య పుష్పావతి పిట్టగోడ పక్కన కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. భర్త పోయిన నాటి నుంచి ఆమె కంట నీటిచుక్క రాలేదు. ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు కూడా. ఆమె గుండెల్లో ఉన్నది వేరు. ఈ మనిషికి మిగిలిన కోరికలు రెండే. ఒకటి ఆ పాట, రెండు ఆ ఆట. ఏదో ఒకదాని పేరు చెప్పగానే కాకి రివ్వున దిగుతుంది. దిగిందంటే, ఇన్నేళ్ల కాపురంలో తనది మూడో స్థానమని ఊరందరి ముందూ తేలిపోతుంది. లోపల ఎప్పటినుంచో తెలిసిన సంగతే అయినా, కాకితో చెప్పించుకోవాలని ఎవరికుంటుంది?

ఆ పాట ఆయనకు అంటుకున్నది పెళ్లికి ముందే. తండ్రి ఒకసారి చింతపండు లోడుతో బెంగళూరు పంపాడు. పని ముగించుకుని స్టేషనుకు పోతుంటే వాన పట్టుకుంది. ఒక పెద్ద హోటలు గేటు దగ్గర తలదాచుకున్నాడు. లోపల ఎవరో శాక్సఫోన్ ఊదుతున్నారు. వాన వెలిసింది, రైలు పోయింది, శెట్టి మాత్రం అక్కడే నిలబడిపోయాడు. మర్నాడు ఒక పాత రికార్డు చంకలో పెట్టుకుని ఇల్లు చేరాడు. కొడుకు తాగుడుకో తిరుగుడుకో అలవాటుపడ్డాడని తండ్రి బెంగపెట్టుకున్నాడు. పాపం, ఆ రెంటికీ ఎక్కడో ఒకచోట మందుంటుంది.

అప్పటినుంచి మండీలో పొద్దున దేవుడి పాట, ఆ తర్వాత సాయంత్రం దాకా జాజ్. చింతపండు గింజలు కొట్టే ఆడవాళ్లు ఆ మోతలోనే పని చేసేవాళ్లు. వాళ్లలో పెద్దదైన అంజనమ్మ కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు సుత్తి పక్కన పెట్టి అడిగేసింది.

"ఏమప్పా శెట్టీ, పొద్దున్నించి సుతి చేసుకుంటానే ఉండారు గదా, ఇంగ పాట ఎప్పుడు మొదలుపెడతారు?"

"అదే పాటమ్మా. వాయించేవానికి అప్పటికప్పుడు ఏం తోస్తే అది వాయిస్తాడు" అన్నాడు శెట్టి, మహా ఓపికగా.

"నేర్చుకోకుండానే వచ్చినారా అయితే" అంది అంజనమ్మ, మళ్లీ సుత్తి అందుకుంటూ.

శెట్టి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఈ ఊళ్లో సంగీతం గురించి మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని భార్య దగ్గర వాపోయాడు. భార్యకూ ఆ శంఖం చెవికెక్కడం లేదని ఆయన గమనించలేదు.

ఇక ఆట. ఊరి మైదానంలో పిల్లలు ఆడే ఆట ఆయన కంటికి ఆనేది కాదు. "దుడ్లు తీసుకుని ఆడేవాడే ఆటగాడప్పా. ఊరికే ఆడేవాడికి ఓడిపోతే ఏం పోతాది?" అనేవాడు. వ్యాపారస్థుడి బుద్ధి మరి. జీతం పుచ్చుకుని ఆడితే చాలు, క్రికెట్టు, కబడ్డీ, టెన్నిసు, పేరు నోరు తిరగని ఏ దేశపు ఫుట్‌బాల్ క్లబ్బయినా సరే, ఆయనకు బంధువులే. సొంత మేనత్త ఆస్పత్రిలో ఉంటే చూడటానికి తీరిక దొరకలేదు గానీ, ఎక్కడో ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపరుకు మోకాలు నొప్పి చేస్తే రెండు రోజులు దిగులుగా ఉన్నాడు.

పెళ్లినాడే పుష్పావతికి ఈ వైభవం తెలిసొచ్చింది. పెళ్లి ధర్మవరంలో, ఆమె పుట్టింట్లో. ఉత్తరీయం కింద ట్రాన్సిస్టర్ దాచుకుని, దాని తీగ చెవిలో పెట్టుకుని పీటల మీద కూర్చున్నాడు పెళ్లికొడుకు. గట్టిమేళం మోగుతుండగా తాళి కట్టడానికి లేచాడు. ఒక ముడి వేశాడు, రెండో ముడి వేశాడు, చేతులు ఆగిపోయాయి. కళ్లు తిరిగాయేమోనని పురోహితుడు భుజం పట్టుకున్నాడు. భావోద్వేగమని అత్తగారు కళ్లొత్తుకుంది. సంగతేమిటంటే, అక్కడెక్కడో మనవాళ్ల వికెట్టు పడింది. కొత్త బ్యాట్స్‌మన్ క్రీజులోకి వచ్చేదాకా మూడో ముడి పడలేదు, నాదస్వరం ఊదే ఆయన బుగ్గలు పగిలిపోయే పనయింది. ఈ కథను శెట్టి ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పేవాడు. పుష్పావతి నవ్వకుండా వినేది.

బెంగళూరు జట్టు వచ్చాక భక్తి ముదిరింది. పెనుకొండలో ట్రాక్టరు సామాన్ల అంగడి నడిపే బసవరాజు ఆయనకు తోడు దొరికాడు. ఇద్దరూ పంచెల మీద ఎర్ర జెర్సీలు తొడుక్కుని రైలెక్కి స్టేడియానికి పోయేవాళ్లు, ఓడిపోయిన ముఖాలతో తిరిగొచ్చేవాళ్లు. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే, కాలు మీద కాలు వేసినవాడు దించకూడదు, దించినవాడు వేయకూడదు. కాఫీ ఇవ్వడానికి పుష్పావతి అడ్డం వచ్చిన క్షణంలోనే వికెట్లు పడేవట. "నువ్వు అడ్డమొచ్చినావు, పాయ" అనేవాడు. అన్నేళ్లు ఆ జట్టుకు కప్పు రాకపోవడానికి కారణాలు వెతికి వెతికి నిపుణులు అలిసిపోయారు. హిందూపురంలో వంటింటి గుమ్మం దగ్గర ఉన్న కారణం వాళ్లకు కనపడలేదు.

ఇవన్నీ ఆమె సహించింది. సహించలేనిది ఒక్కటే మాట. ఒకసారి బసవరాజు అడిగాడు, పాటకూ ఆటకూ పొంతనేమిటి శెట్టీ, రెండింటినీ ఎట్ల పట్టుకుంటివి అని.

"రెండిట్లోనూ ఇంగ ఏమొస్తాదో ఎవనికీ తెలీదు బసవరాజూ. అంగట్లో తెలుసు, ఇంట్లో తెలుసు" అన్నాడు శెట్టి.

కాఫీ గ్లాసులతో వస్తున్న పుష్పావతి ఆ మాట విని, గ్లాసులు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి పోపు వేసింది. ఆ రోజు ఆమెకు కడుపులో ఎంత మండిందో పోపుకు తెలుసు. మొగుడు ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. చదివేసిన పేపరులా చూడకుండానే పక్కన పెట్టేశాడు, అంతే.

మిద్దె మీద ఎండెక్కింది. మొదట కొడుకు మనోజ్ విస్తరి ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నాయనా, మండీ మూయను. అమ్మను బాగా చూసుకుంటా" అన్నాడు. ట్యాంకు మీది కాకుల్లో ఒకటి ముక్కు రాసుకుంది. శెట్టి బతికుండగా మండీ గురించి చూపిన శ్రద్ధ కూడా ఇంచుమించు అంతే.

తర్వాత పుష్పావతి తమ్ముడు రమేష్ ముందుకొచ్చాడు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి అతనిది, మనసులో మాట పట్టడంలో తనను మించినవాడు లేడని నమ్మకం. "బావకు ఏం కావాలో నాకు తెలుసు" అని ఫోను తీసి, చిన్న స్పీకరుకు తగిలించి, శెట్టి ప్రాణంగా చూసుకున్న శాక్సఫోన్ వాద్యం పెట్టాడు.

పుష్పావతి పిట్టగోడ పట్టుకుంది.

శాక్సఫోన్ ఒక్కసారి గొంతు పెంచింది. ట్యాంకు మీద ఉన్న కాకులన్నీ కట్టకట్టుకుని లేచి రైల్వే స్టేషను వైపు పోయాయి. కింద ఎవరో "ఆ పీడ ఆపప్పా, ఉన్నవి గూడా పాయ" అని అరిచారు. రమేష్ స్పీకరును జేబులో దాచుకున్నాడు. పుష్పావతికి లోపల ఎక్కడో కాస్త హాయిగా అనిపించింది, వెంటనే సిగ్గేసింది.

కాకులు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఈసారి బసవరాజు వంతు. ఎర్ర జెర్సీ తొడుక్కునే వచ్చాడు. శెట్టి జెర్సీని మడిచి విస్తరి పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"శెట్టీ, ఈ ఏడు కప్పు మనదే. నా మాట నమ్ము."

మిద్దె మీద ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఏటా వినీ వినీ అరిగిపోయిన మాట అది. ఆ ఎండాకాలంలోనే కప్పు రావడం తర్వాత లోకమంతా చూసింది గానీ, ఆ పొద్దు మాత్రం కాకి కూడా నమ్మలేదు. తల పక్కకు తిప్పుకుంది.

పురోహితుడు వాచీ చూసుకుని, దర్భతో కాకిని చేసి ముట్టిస్తే శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. ఆయనకు మధ్యాహ్నం చిలమత్తూరులో ఇంకో ఇంట్లో పనుంది. కింద నుంచి బంధువులు శాస్త్రం చాలా గొప్పదని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. మనోజ్ దర్భలు అందుకోబోయాడు.

"ఉండు" అంది పుష్పావతి.

కొంగు నడుముకు బిగించి విస్తరి దగ్గరికి వచ్చింది. చేతులు జోడించలేదు. ట్యాంకు వైపు తలెత్తి మొదలుపెట్టింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? అన్నం చల్లారిపోతాండాది, కనపడల్యా? ఇంతమందిని పస్తు పెట్టి ఆడ కూర్చుని ఏం చూస్తాండావు? ఏ పొద్దన్నా మర్యాదగా పిలిస్తే కంచం కాడికి వచ్చినావా నువ్వు? ఈ పాట అయిపోనీ అంటివి, ఈ ఓవరు అయిపోనీ అంటివి. నీ పాటకు మొదలూ లేదు, తుదీ లేదు. తిట్టించుకుంటే గానీ ముద్ద దిగదు గదా నీకు."

"అక్కా" అన్నాడు రమేష్ మెల్లగా, చెయ్యి పట్టుకోబోతూ. ఆమె విదిలించుకుంది.

"ఆ పొద్దు గూడా పిలిచినా. చారు రెండుమార్లు వేడి చేసినా. శుక్రవారం పొద్దు నోరు చేసుకునేది యాల అని తిట్టకుండా ఊరుకున్నా. తిట్టకుండా ఉన్న ఆ ఒక్క పొద్దే పోతివి. తిట్టింటే లేసి వచ్చేవాడివేమో." ఆమె విస్తరి వైపు వేలు చూపించింది. "ఇప్పుడు తిడతాండా గదా. సిగ్గులేదా నీకు? రా. వచ్చి తిను."

ట్యాంకు మీంచి ఒక కాకి దిగింది. పిట్టగోడ మీద వాలి, అటూ ఇటూ చూసి, తప్పు చేసినదానిలా పక్కపక్కకే నడుచుకుంటూ విస్తరి దగ్గరికి వచ్చి పిండంలో ముక్కు పెట్టింది. కింద షామియానాలో ఆకులు పరిచిన చప్పుడు, కుర్చీలు లాగిన చప్పుడు, దుఃఖం తీరిన బంధువుల కేకలు ఒక్కసారిగా వినపడ్డాయి.

"ఏం మాటిచ్చినావక్కా?" అన్నాడు రమేష్, ఇంకా తేరుకోకుండానే.

"మాటా? నేనేం మాటిస్తి?" అంది పుష్పావతి. అంటూనే నేల మీద కూలబడి, శెట్టి పోయాక మొదటిసారిగా, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

అందరూ దిగిపోయారు. కాస్సేపటికి మనోజ్ మళ్లీ పైకొచ్చి, "అమ్మా, రా, ఆకులేసినారు. అన్నం తిందువు" అన్నాడు.

ఆమె కాకి మీంచి చూపు తిప్పలేదు.

"మీరు కూర్చోండి. ఆయన తినేది అయిపోనీ, వస్తా" అంది.