క్యాప్‌ల్యాంపుతో పెళ్ళిచూపులకు

ఆ రోజుల్లో మా బొగ్గుబాయి కుర్రాళ్ళకు ఒంట్లో ఉన్న భయమంతా బాయిలోకి దిగేటప్పుడే ఖర్చయిపోయేది. పైన తిరగడానికి ఇంక మిగిలేది కాదు. కాబట్టే గోదావరిఖని నుంచి కొత్తగూడెం దాకా, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, నా పాత బుల్లి మోటారు సైకిలు మీద ఎక్కడా కాలు కింద పెట్టకుండా వెళ్ళాను. (ఈ మాట కాసేపు నమ్మండి.)

కొత్తగూడెంలో నాకు పెళ్ళిచూపులు. సంబంధం తెచ్చిన మా కాక "పిల్లగానికి సొంత బండి ఉన్నది" అని గొప్పలు పోయి వచ్చాడు. "అయితే బండి మీదనే రమ్మను, శనివారం నాలుగు గంటల లోపట. లేకుంటే ఇంకో సంబంధం తయారుగున్నది" అన్నాడట పిల్ల తండ్రి. ఫోటో చూసినప్పటినుంచి నాకు నిద్ర లేదు. మెకానిక్ భాయ్ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, "క్యా మియా, గీ బండి మీద కొత్తగూడెమా? నిమ్మలంగ పో. బ్రేకు పట్టినవంటే అది జర సోంచాయించుకోని, ఆలోచన జేసి ఆగుతది" అన్నాడు. హెడ్‌లైటు అసలే లేదు. తిరిగి వచ్చేది చీకట్లో. అందుకని శనివారం పొద్దున్నే నైట్‌షిఫ్టు దిగి, బాయిలో నెత్తిన పెట్టుకునే క్యాప్‌ల్యాంపును ల్యాంపు రూములో అప్పజెప్పకుండా, తువ్వాలలో చుట్టి తెచ్చి హ్యాండిల్‌కు కట్టేశాను. మర్నాడు ఇస్తే ఎవరడుగుతారులే అనుకున్నాను.

ఇక ఒప్పుకుంటాను. పెద్దపల్లి దాటకముందే చైను ఊడింది. వరంగల్‌లో ప్లగ్గు తుడిచాను. మానుకోటలో ఇంజను పూర్తిగా పడకేస్తే, బండినీ నన్నూ కలిపి ఒక పత్తి లారీ మోసింది. కొత్తగూడెం పొలిమేరలో దిగి చెమటలు కక్కుతూ తోశాను. వాళ్ళ వీధి పల్లంగా ఉండబట్టి, మలుపులో ఎక్కి కూర్చుని దర్జాగా జారుకుంటూ వాకిట్లో ఆగాను. నాలుగుకు ఐదు నిమిషాలుంది. కొబ్బరినూనె రాసిన జుట్టు నిండా పత్తి అంటుకుని, పెళ్ళికొడుకు బదులు వాడి తాత వచ్చినట్టున్నాను.

పిల్ల తండ్రి నన్ను చూడలేదు, బండినీ చూడలేదు. హ్యాండిల్‌కున్న ల్యాంపును చూశాడు. (ఆయన ల్యాంపు రూములోనే తల నెరిసిన మనిషని మా కాక చెప్పలేదు.)

"ఏంది పిల్లగా, గిది బయటికెట్ల వచ్చింది?"

"రాత్రి తొవ్వల వెలుతురుకని..."

"ల్యాంపు రాకపోతే మనిషి పైకి రానట్టే లెక్క, ఎరుకలేదా? పొద్దటి సంది నీ కోసం బాయిల ఎంతమంది దేవులాడుతున్నరో!"

పెళ్ళికొడుకు దర్జా అంతా అక్కడే దిగిపోయింది. కానీ నేను చెక్కుచెదరలేదు. పక్కింటి ఆఫీసరు ఇంట్లో కంపెనీ ఫోనుంటే వెళ్ళి, రిసీవరెత్తి, "తప్పు నాదే సార్, నేను బతికే ఉన్నాను" అని గంభీరంగా చెప్పాను. వారం రోజులు సస్పెండు చేశారు గానీ, ఆ నిబ్బరం చూసే మామ పిల్లనిచ్చాడు. ఈ వయసులో ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ముచ్చటేస్తుంది, వాడి దగ్గర కాస్త నిబ్బరం అప్పడగాలనిపిస్తుంది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ వింది. తలెత్తలేదు.

"ఫోన్ల మాట్లాడింది మా నాయిన. నేను ఆఫీసరోళ్ళ దర్వాజ కాడికెళ్ళి చూసిన. నువ్వు పక్కపొంటి నిలబడి, 'బాయిల నన్ను దేవులాడే అన్నలను పైకి రమ్మనుండ్రి, అన్నలను పైకి రమ్మనుండ్రి' అని పోరగాని లెక్క ఏడ్చినవ్. మా నాయిన ఈ సంబంధం వద్దన్నడు. గా ఏడుపు చూసి నేను ఒప్పుకున్న. గది రాయి."