చిన్నాన్న తెరవని కళ్ళు

మొన్న ఆదివారం, నేను కాపురముంటున్న నంద్యాలలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నా పక్కన కూర్చున్న బంధువులావిడ మా వీధిలో జాకెట్లు కుట్టే పిల్ల సంగతి ఎత్తింది. ఆ పిల్ల మిషను ఆపేసి గోడ వంక చూస్తూ ఎవరితోనో మాట్లాడుతోందట, అన్నంలో ఇంట్లోవాళ్ళే ఏదో కలుపుతున్నారని పస్తులుంటోందట. ఇంత చెప్పి, "ఆ పిల్ల మింద అమ్మవారు పలుకుతాందక్కా, టెంకాయలు పట్టుకోని జనం నిలబడుకోనుండారు" అంటూ తాపీగా పప్పులో నెయ్యి కలుపుకుంది. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆ కోపం ఈనాటిది కాదు, ఆళ్ళగడ్డలో మా శిల్పుల ఇంటి ముందు పందిరి కింద పుట్టింది.

మా నాయన, ఆయన తమ్ముడు అంటే మా చిన్నాన్న, ఇద్దరూ ఆ పందిరి కిందే విగ్రహాలు చెక్కేవాళ్ళు. తెల్లారక ముందే మొదలయ్యే ఆ ఉలి చప్పుడుకే మేము నిద్ర లేచేవాళ్ళం, బడి నుంచి వచ్చేసరికి పుస్తకాల మీద కూడా రాతి పొడి ఉండేది. విగ్రహానికి అన్నీ అయ్యాక చివరగా కంటిపాపలు చెక్కి కళ్ళు తెరవాలి. ఆ పని చేసే మనిషి ఉపవాసముండాలి, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, దేవత తొలిచూపు అద్దం మీదా ఆవుదూడల మీదా పడాలి. మా ఇంట్లో ఆ చెయ్యి చిన్నాన్నది. కళ్ళు తెరిచి వచ్చిన రోజు కొత్త పంచెలో ఆయన్ని చూసి మేము గర్వంతో ఉబ్బిపోయేవాళ్ళం, ఒళ్ళో పడి బెల్లం అడగడానికి కూడా జంకేవాళ్ళం.

రాయి మంచిదో కాదో ఉలితో తట్టి, చెవి పెట్టి వినడం మా వృత్తిలో మొదటి పాఠం. గణగణమని మోగే రాయే విగ్రహానికి పనికొస్తుంది. అందుకే చిన్నాన్న రాతికి చెవి ఆనించి అలాగే ఉండిపోవడం మొదలుపెడితే ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత ఆయన రాతికి జవాబులు చెప్పసాగాడు. మావాళ్ళు భయపడాల్సింది పోయి పొంగిపోయారు. స్నానం మానేస్తే దీక్ష అన్నారు, అన్నంలో విషముందని తోసేస్తే ఉపవాసం అన్నారు, ఒంటరిగా నవ్వుకుంటే ఆనందం అన్నారు. ఆయన జబ్బులో కనిపించిన ప్రతిదానికీ మావాళ్ళ దగ్గర ఒక పుణ్యం పేరు సిద్ధంగా ఉంది. కోయిలకుంట్ల నుంచి కూడా జనం వచ్చి వానల గురించీ పిల్లల పెళ్ళిళ్ళ గురించీ అడిగి, ఆయన కాళ్ళకు మొక్కి పోయేవాళ్ళు. రాతిలోంచి ఆయనకు వినబడే గొంతులు ఏమంటున్నాయో మాత్రం ఒక్కరూ అడగలేదు.

అమ్మవారి కళ్ళు తెరవాల్సిన ఒక ఉదయం అది బయటపడింది. చిన్నాన్న ఉలి విసిరేసి, తన కళ్ళే పొడుచుకొమ్మని ఆజ్ఞ అవుతోందని అరుస్తూ గోడ మూలకు నక్కాడు. అంతే, నిన్న మొక్కిన నోళ్ళే దయ్యమన్నాయి. భూతవైద్యుణ్ణి తెచ్చి, ఆయన్ని పందిరి గుంజకు కట్టి వేపమండలతో కొట్టించారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నంద్యాలలో కాపురమున్న మేనత్త, చిన్నాన్నకు అక్క, కబురు తెలిసి వచ్చి కట్లు విప్పి ఆయన్ని బస్సెక్కించింది. నంద్యాల డాక్టరు చెప్పిన మాటలు ఆమె చివరిదాకా మాకు చెబుతూనే ఉండేది. ఆ గొంతులు ఆయన నటన కాదు, మన మాట మనకు వినబడినంత నిజంగానే ఆయనకు వినబడతాయి, కాని అవి పుట్టేది మెదడులోని జబ్బు వల్ల. వాటిని కాదని వాదించొద్దు, ఔనని మొక్కొద్దు, మాత్రలు వెయ్యండి, నెమ్మదించింది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు. అత్త ఆయన్ని తన ఇంట్లోనే పెట్టుకుని మాత్రలు వేయించింది. నెలలు పట్టింది గాని గొంతులు సన్నగిల్లాయి. చిన్నాన్న ఆళ్ళగడ్డకు తిరిగి వచ్చి మళ్ళీ తామర రేకులు చెక్కాడు, చెయ్యి ఎక్కడా తడబడలేదు.

మళ్ళీ ఊళ్ళో అమ్మవారి విగ్రహ ప్రతిష్ఠ వచ్చింది. పిచ్చోడి చేత్తో కళ్ళు తెరిస్తే అమ్మ చూపు ఊరి మీద ఎలా పడుతుందోనని పెద్దలు అడ్డుపడ్డారు. అత్త పందిరి కింద నిలబడి అడిగింది: "రాయి మాట్లాడ్తాందంటే మొక్కితిరి. ఇప్పుడు మాట్లాడ్డంల్యా అంటాంటే తరుముతాండారు. ఇదేం నాయమప్పా?" తమ్ముడి పక్షాన నిలవకుండా మా నాయన తల దించుకున్నాడు, అందుకు ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ చిన్నాన్న కనుబొమల దాకా చెక్కి, పక్కకు తప్పుకునేవాడు. కళ్ళు తెరిచే రోజు పశువుల పాక వెనక కూర్చుని ఉలులు సానబెట్టుకునేవాడు.

ఇప్పుడు ఆళ్ళగడ్డలో రాయి కోసే మిషన్లు వచ్చాయి, ఆ రొదలో తట్టి వినే ఉలి చప్పుడు చెవిన పడదు, అది తలుచుకుంటే దిగులే. నంద్యాలలో ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా డాక్టర్లున్నారు, మాత్రలు వీధి చివరే దొరుకుతాయి. పెళ్ళి నుంచి తిన్నగా ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, టెంకాయలవాళ్ళను గదమాయించి పంపి, తల్లికి ఇదంతా చెప్పాను. మర్నాడు నేనే తోడు వెళ్ళి డాక్టరుకు చూపించాను. జబ్బంటే నాకంత భయం లేదు. ఆ పిల్ల నెమ్మదించి మళ్ళీ మిషను ముందు కూర్చుంటుంది. అప్పుడు, ఆమె వాకిట్లో టెంకాయ కొట్టిన ఆడవాళ్ళలో జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆ గడప ఎక్కేది ఎందరో చూడాలి.