మోళ్ళు తియ్యని నేల

మొన్న సుంగై సిపుట్‌లో మా అమ్మాయి ఇంటి ముందు మురుగుకాలవ కోసం మట్టి తవ్వారు. వానకు తడిసిన ఆ మట్టిలోంచి కుళ్ళిన వేరు వాసన వచ్చింది. పుట్టగొడుగుల వాసనలాంటిదే, కాని ఇంకా బరువుగా ఉంటుంది. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నాకు మాత్రం, ఒకప్పుడు తోటలో నేను అక్కలా 'అప్పా' అని పిలుచుకున్న నరసమ్మప్ప మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోడుతున్నట్టే అనిపించింది. ఆవిడను చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. మా ఆయన నేర్పిన నాలుగక్షరాలతో ఇది రాస్తున్నాను.

పదిహేడేళ్ళప్పుడు బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి, ఓడలో సముద్రం దాటి వచ్చి, ఇక్కడి రబ్బరు తోటలో చెట్ల బెరడు కోసి పాలు తీసే పనిలో చేరాను. నరసమ్మప్పది నా పక్క చెట్ల వరస. నలభై దాటిన మనిషి, భర్త జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. తోట వెయ్యడానికి అడవి నరికిన మొదటి జట్టులో ఆ ఇద్దరూ ఉన్నారు. నాకు పని నేర్పింది ఆవిడే. "తోలు తియ్యాల గానీ కండ తియ్యకూడదే పిల్లా. కండ తెగితే పుండవుద్ది, ఆ పుండు మీద తోలు మళ్ళీ సరిగ్గా రాదు" అనేది. నెలరోజులు నా చెయ్యి పట్టుకుని కోయించింది. నా కోత తిన్నగా వచ్చిన రోజున మెచ్చుకోలేదు. తన డబ్బాలోని ఎండుచేప ముక్క తీసి నా అన్నంలో పెట్టింది.

రెండో ఏట పల్లంలో చెట్లు చావడం మొదలైంది. ముందు ఆకుల్లో నిగనిగ పోయింది. తరవాత అవి ముడుచుకుని, పసుపెక్కి రాలాయి. కాలం కాని కాలంలో పూత వచ్చింది. ఒకరోజు గాలైనా లేకుండానే ఒక మాను పక్కకి ఒరిగిపోయింది. చచ్చినవాటిలో ఐదు నా వరసలోవే. మా మీద పెత్తనం చేసే కంగాణి నన్ను ఆ చెట్ల దగ్గరే దొర ముందు నిలబెట్టాడు. "లోతుగా కోసి సెట్లు సంపీసినాది దొరా. దీన్ని తోటలోంచి పంపీండి" అన్నాడు. అప్పుడు నాకు ఐదో నెల.

నరసమ్మప్ప పార పట్టుకుని ముందుకొచ్చింది. "కోత సూస్తన్నారు గానీ, యేరు సూడరేటి?" అంటూ చెట్టు మొదట్లో తవ్వింది. మట్టి తోడేసరికి వేళ్ళ మీద తెల్లని బూజు దారాలు బిగిసి అతుక్కుని కనిపించాయి. ఒక వేరు వెంట తవ్వుకుంటూ పోయింది. అది వెళ్ళి వెళ్ళి నేలలో పాతుకున్న ఒక పాత మోడుకు తగిలింది. చేత్తో నొక్కితే ఆ మోడు తడిసిన రొట్టెలా విరిగింది.

"అడివి నరికినప్పుడు మోళ్ళు తియ్యనేదు. ఆలీసమవుద్దని మట్టి కప్పీమన్నాడీ కంగాణి. కప్పినోళ్ళల్లో నానూ ఉన్నాను. ఆ కుళ్ళే ఇప్పుడు యేరూ యేరూ పట్టుకుని పాకినాది."

గుమస్తా ఆ మాటలు దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. నన్ను వదిలేశారు. అందరూ వెళ్ళాక ఆవిడ ఆ గోతి దగ్గరే కూలబడి ఏడ్చింది. "మా ఆయన సెప్పినాడే, మోళ్ళు ఉంచకూడదని. పని పోద్దని నానే ఆడి నోరు మూయించినాను" అంది.

కుళ్ళు పాకకుండా జబ్బు చెట్ల చుట్టూ కందకాలు తవ్వించే పని ఆవిడకే అప్పగించారు. వేళ్ళు నరికి కాల్చేది, పార కడిగాకే ఇంకో చెట్టు దగ్గరకు వెళ్ళేది. నేను కళ్ళారా చూశాను. అయినా కందకం దాటి చెట్లు చస్తూనే ఉన్నాయి. కుళ్ళు అప్పటికే చాలా దూరం పాకిపోయింది. కంగాణికి అదే అదనైంది. "ఈ ముసిల్దే పారతో జబ్బు అంటించినాది" అన్నాడు. దొర గుమస్తా చేత నన్ను అడిగించాడు: "నువ్వు పక్కనే పని చేస్తావు కదా, నిజమేనా?"

మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కడుపులో బిడ్డ కదిలింది. నేను తల వంచుకున్నాను. నా మౌనాన్నే 'నిజమే' అన్న జవాబుగా తీసుకున్నారు.

మరికొన్నాళ్ళకు రబ్బరు ధర పడిపోయింది. మనుషులను ఓడలెక్కించి వాళ్ళ దేశానికి వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఆ నింద మూలాన మా తోట జాబితాలో మొదటి పేరు నరసమ్మప్పది. ఇరవై ఏళ్ళు దాటింది ఆవిడ వచ్చి. లారీ దగ్గర నా నెలల బిడ్డను ఎత్తుకుని నిలబడి, "అక్కడ ఎవులున్నారప్పా?" అని అడిగాను.

"ఎవులూ నేరు. ఊరుందో నేదో."

"ఆరోజు నాను సెప్పాల్సింది, అప్పా..."

"సెప్తే నీ పేరూ ఎక్కేది. ఈ సంటి గుంటని పట్టుకుని ఏటి సేద్దువు?" బిడ్డ బుగ్గ ముట్టుకుంది. "నాను మాత్రం మా ఆయన్ని సెప్పనిచ్చినానేటి?"

ఒక్క తిట్టు తిట్టినా నాకు తేలికయ్యేది. లారీ కదిలింది. ఆవిడ మళ్ళీ చెట్లకేసి చూడలేదు. ఊరు చేరిందో, దారిలోనే పోయిందో ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్ళకు ఆ పల్లమంతా నరికి, మోళ్ళన్నీ వేళ్ళతో సహా పెకలించి కాల్చాకే కొత్త మొక్కలు నాటారు. మోళ్ళు తియ్యాలని మొదట చెప్పింది ఎవరని ఏ కొత్త దొరా అడగలేదు.

ఆ కొత్త మొక్కలు పాలకొచ్చాక ఒకరోజు కంగాణి ఒక తమిళ పిల్లను అలాగే నిలబెట్టాడు. పాలు తగ్గడం ఆ పిల్ల చెడ్డ కోత వల్లేనన్నాడు. నాకప్పటికి ముగ్గురు పిల్లలు. మా ఆయన మళ్ళీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి విడిపించుకుని ముందుకెళ్ళాను. "దొరా, దాని తప్పు నేదు. రోజూ కోయించి సెట్టు ఎండగట్టినారు" అన్నాను. ఆ పిల్ల పని నిలిచింది. నా చేతులు పట్టుకుని ఏవేవో దీవెనలు పెట్టింది. అందరూ నన్ను ధైర్యవంతురాలన్నారు. ఇప్పటికీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల వంచుకుంటాను.