ముఖ్యమంత్రి వేషం కట్టిన మా బాబాయి

పోయిన మంగళవారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "బాబాయి పోయాడే" అంది. "నిద్రలోనే." నేను కాచిగూడ నుంచి బొగ్గులకుంటలో వాళ్ళింటికి చేరేసరికి హాల్లో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. వాడకట్టు వాళ్ళంతా వచ్చి పోతున్నారు. చాలామంది చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో మళ్ళీ బాబాయే. మెడలో కండక్టరు సంచి, వెనక ముఖ్యమంత్రి కుర్చీ. పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ వీడియో మన గ్రూపుల్లో పెట్టొద్దని చెప్పవే. ఆయనకి ఇష్టం ఉండేది కాదు" అంది.

చెప్పాను. కొందరు తీసేశారు. కొందరు మాత్రం, అంత మంచి వీడియోని ఎందుకు తీసేయడం అన్నారు. చావింట్లో నిలబడి వివరించే సంగతి కాదు అది. ఇప్పుడు చెబుతాను.

రెండు ప్రాంతాలూ కలిపి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో తాతగారు గుంటూరు వైపు నుంచి గుమాస్తా ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. బాబాయి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో నాన్నమ్మ ఎక్కడికెళ్ళావని అడిగితే "ఎక్కడికీ వెళ్ళలేదమ్మా" అనేవాడు. అదే ప్రశ్న వీధి చివర పాన్ డబ్బా దగ్గర ఎవరైనా అడిగితే "యాడికి బోలేదన్నా, గీడనే ఉన్న" అనేవాడు. రెండూ ఆయనకు సొంత భాషలే.

అబిడ్స్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పని. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని, సాయంత్రాలు దుకాణానికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఎదుటివాళ్ళ ముఖానికి జోడు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసేవాడు. చాలామంది అడిగినట్టు "కనబడుతోందా?" అని అడిగేవాడు కాదు. "మీరు ఏం చూడాలి? బియ్యంలో రాళ్ళా, బస్సు నంబరా?" అని అడిగేవాడు. అందరికీ కావలసిన దూరం ఒకటి కాదు అనేవాడు.

ఆ గొంతు, ఆ అడగడం చూసే, జోడు కోసం వచ్చిన ఒక కుర్ర దర్శకుడు మర్నాడు సినిమాలో వేషం ఇస్తానంటూ మళ్ళీ వచ్చాడు. బాబాయి అదివరకు కాలనీ గణపతి పందిళ్ళలో నాటకాలు వేశాడు తప్ప కెమెరా ఎరగడు. కథ వినగానే మాత్రం ఒప్పేసుకున్నాడు. రెండు పార్టీలకూ బలం సరిపోక, ఒకరిని ఒకరు కూర్చోనివ్వక, కొన్నాళ్ళు అడ్డంగా ఎవడో ఒకడు ఉంటే చాలని ఒక సిటీ బస్సు కండక్టరును ముఖ్యమంత్రిని చేస్తారు. ఆయన అసెంబ్లీని కూడా బస్సులాగే నడుపుతాడు. పార్టీ మారదామని చూసేవాళ్ళని ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దంటాడు. ఒకచోట సభ మొత్తాన్నీ చూసి, "టికెట్ కొన్నోళ్లు చేతులు లేపుర్రి" అంటాడు. సభలో ఒక్క చెయ్యి లేవదు. అందరూ బల్లలకేసి చూస్తారు.

సినిమా హాళ్ళలో నాలుగు రోజులైనా ఆడలేదు. ఫోన్లలో మాత్రం ఆడుతూనే ఉంది. ఆ ఒక్క మాట ఊరంతా తిరిగింది.

బాబాయికి అది నచ్చలేదని చెబితే అబద్ధం అవుతుంది. బాగా నచ్చింది. నాంపల్లి స్టేషన్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ సెల్యూట్ కొడితే బాబాయి కూడా గంభీరంగా తల ఊపేవాడు. సినిమాలో వేసుకున్న తెల్ల ఖద్దరు చొక్కా ఆదివారాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. కూరగాయలు తెమ్మంటే సీఎం గారికి అపాయింట్‌మెంట్ దొరకడం లేదని పిన్ని మా నాన్నకు ఫిర్యాదు చేసేది.

ఆదివారాలు అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. బాబాయి ఏళ్ళ తరబడి ఒక్క వారం కూడా తప్పేవాడు కాదు. అక్కడ యాదగిరి అనే ఆయన బాబాయికి పాత స్నేహితుడు, పాత నాటకాల పుస్తకాలు దొరికితే ఎవరికీ అమ్మకుండా అట్టేపెట్టేవాడు. ఒక ఆదివారం మేమిద్దరం వెళ్ళేసరికి మున్సిపాలిటీ వ్యాను ఒకటి ఆగి ఉంది. ఫుట్‌పాత్ ఖాళీ చెయ్యాలని ఒక అధికారి చెబుతున్నాడు. యాదగిరి బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నిన్ను జూస్తే ఆగుతరు. జర నువ్వొక్క మాట చెప్పు."

బాబాయి చొక్కా సర్దుకుని ముందుకు వెళ్ళాడు. అధికారి వెంటనే గుర్తుపట్టి ఫోన్ బయటికి తీశాడు, ఆ డైలాగ్ ఒక్కసారి కొట్టమన్నాడు. బాబాయి చెప్పాడు. అధికారి నవ్వాడు, సిబ్బంది నవ్వారు, పుస్తకాలవాళ్ళు కూడా నవ్వారు. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ రోజు బాబాయి ఇంటికి నడిచి వచ్చిన నడక ఇప్పటికీ గుర్తుంది. పిన్నికి జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

తర్వాతి ఆదివారం యాదగిరి పొద్దున్నే ఫోన్ చేశాడు. మేము పరుగున వెళ్ళాం. ఈసారి వేరే అధికారి. ఆయన కూడా గుర్తుపట్టాడు, ఎంతో మర్యాదగా భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ తీసుకున్నాడు, వీడియో తీస్తూ డైలాగ్ చెప్పమన్నాడు. బాబాయి మొదలుపెట్టాడు. "టికెట్ కొన్నోళ్లు" అన్నాడు. వెనక పుస్తకాలు వ్యానులో పడుతున్న చప్పుడు. కట్టలు కట్టలుగా, ఇసుక ఎత్తిపోసినట్టు. బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. మాట అక్కడే ఆగిపోయింది.

"ఆపేసిన్రేంది సార్? చెప్పుర్రి" అన్నాడు అధికారి, ఫోన్ అలాగే పట్టుకుని. హేళనగా అనలేదు. నిజంగానే మిగతాది వినాలనుకున్నాడు.

 బాబాయి వ్యాను వెళ్ళేదాకా యాదగిరి పక్కనే నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక చొక్కా విప్పి మడతపెట్టి బీరువాలో పెట్టాడు.  అన్నం దగ్గర నాతో అన్నాడు: "నవ్వినవాళ్ళంతా విన్నట్టు కాదమ్మా. మొదటిరోజు నేనే పొరబడ్డాను. వాళ్ళు నా మాట విన్నారనుకున్నాను."

ఆ తర్వాత ఆయన నోట ఆ డైలాగ్ ఎవరూ వినలేదు. పెళ్ళిళ్ళలో అడిగారు, నవ్వి ఊరుకున్నాడు. ఎన్నికలప్పుడు ఒక పార్టీవాళ్ళు ఇంటికి వచ్చి, కండక్టరు సంచి వేసుకుని జీపు మీద నిలబడితే చాలన్నారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపేశాడు. ఆ వీడియో మాత్రం ఆయనతో పని లేకుండా తిరుగుతూనే ఉంది.

కానీ ఊరుకోలేదు. దుకాణంలో ఒక పూట సెలవు పెట్టి, యాదగిరినీ మరికొందరినీ వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. మామూలు చారల చొక్కా, చేతిలో విన్నపం, అందరితో పాటు బెంచీ మీద. ఒకసారి నేను కూడా వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన కళ్ళు పెద్దవి చేసి, "మీరు ఆ సినిమాల యాక్ట్ జేసిన్రు గదా?" అన్నాడు.

"ఔ, జేసిన. అది అయిపోయింది. ఇప్పుడు వీళ్ల పని మీద వచ్చిన" అన్నాడు బాబాయి.

కౌంటర్లో ఆయన కాసేపు ఎదురుచూశాడు, ఆ డైలాగ్ కూడా అంటాడేమోనని. బాబాయి కాగితం ముందుకు జరిపేసరికి తీసుకున్నాడు. ఈ వారం కాదన్నారు, సార్ లేరన్నారు, ఫైలు పైకి వెళ్ళిందన్నారు. ఎండాకాలం పోయి వానలు వచ్చి, అవీ వెళ్ళిపోయాయి. వెంట వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఒకాయన విసిగిపోయి ఆటో నడుపుకోవడానికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. బాబాయి మాత్రం మానలేదు. చివరికి రోడ్డుకు ఒకవైపు, ఆదివారం ఒక్కరోజు, సాయంత్రం దాకా పరుచుకోవచ్చని అనుమతి వచ్చింది. పట్టుకుపోయిన పుస్తకాల్లో కొన్నే తిరిగివచ్చాయి, అవీ అట్టలు ఊడి. యాదగిరికి పాత చోటు దక్కలేదు, ఇంకాస్త దిగువన ఇరుకు జాగా దొరికింది. దాన్ని గెలుపు అనాలో వద్దో నాకు తెలియదు. బాబాయి ఆ మాట వాడలేదు.

ఆ దర్శకుడు కొన్నేళ్ళ తర్వాత అద్దాలు మార్పించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. రెండో భాగం తీద్దామన్నాడు. మొదటి సినిమా చివర కండక్టరు రాజీనామా చేసి, చప్పట్ల మధ్య తన బస్సు ఎక్కి వెళ్ళిపోతాడు. బాబాయి ఆ అబ్బాయి ముక్కు మీద జోడు సరిచేస్తూ, ఆ కండక్టరు కుర్చీ ఎందుకు దిగిపోయాడని అడిగాడు.

"మంచివాడు కాబట్టి సార్. జనానికి అదే నచ్చింది."

"నచ్చింది బాబూ. మంచివాడు తనంతట తనే దిగిపోతే చూసేవాళ్ళకి హాయిగానే ఉంటుంది. కుర్చీ కావలసినవాళ్ళకి ఇంకా హాయి" అన్నాడు బాబాయి. "ఈసారి అతన్ని దించకండి. విసుగు పుట్టినా సరే, అక్కడే కూర్చోబెట్టి పని చేయించండి."

అలాంటి సినిమా ఎవరు చూస్తారని ఆ అబ్బాయి నవ్వాడు. రెండో భాగం రాలేదు. ఆఫీసు బెంచీ మీద గడిచిన ఆ నెలలు చూసినదాన్ని కనుక, బాబాయి మాట నాకు బోధపడింది. ఇప్పుడు నా ఉద్యోగంలో, నా ఇంట్లో, ఏదైనా పని సగంలో వదిలి పెద్దమనిషిలా తప్పుకుందామనిపించినప్పుడు అదే గుర్తొస్తుంది. చాలాసార్లు తప్పుకోకుండా ఆగిపోయాను. అందుకు ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పినా తల ఊపి, నీ అద్దాలకు మరకలున్నాయి ఇలా ఇవ్వు, అనేవాడేమో.

కిందటేడు శ్రావణంలో ఒక ఆదివారం అబిడ్స్ వెళ్ళాను. ఉన్నట్టుండి వాన దంచింది. జనమంతా షట్టర్ల కిందికి పరిగెత్తారు. ఎదురుగా యాదగిరి పుస్తకాల మీద నీలం పట్టా పరిచి, రెండు కొసలు తను పట్టుకున్నాడు, మిగిలిన రెండు కొసలు బాబాయి పట్టుకున్నాడు. ఇద్దరూ పూర్తిగా తడిసిపోయారు. మధ్యలో నీళ్ళు నిండి పట్టా బరువుగా కిందికి వేలాడుతోంది. బాబాయి ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఆ చెయ్యి పట్టా కిందికి పోనిచ్చి మెల్లగా పైకి ఎత్తాడు. నీళ్ళు ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకాయి. మళ్ళీ నిండుతున్నాయి. ఆయన మళ్ళీ చెయ్యి కిందికి పోనిచ్చాడు.